లేదా, కనబడలేదా?

కొన్ని వందల కోట్ల కాంతి సంవత్సరాల అవతల, దుమ్ములో పీకలదాకా కూరుకుపోయిన ఒక గెలాక్సీ ఉంది. దాని నడిమధ్యన ఒక కృష్ణబిలం దాక్కుని ఉంది. దాన్ని కనిపెట్టింది నేను.

నవ్వేవాళ్లు నవ్వండి. కరీంనగర్ బస్టాండు వెనక సందులో, ఫ్యాను వేస్తే గోడ మీది క్యాలెండరు లేచి కొట్టుకునే ఎక్స్‌రే సెంటర్లో, నడుము పట్టేసే ఇనుప స్టూలు మీద కూచుని కనిపెట్టాను. ఆ సంగతి విదేశీ పత్రికలో అచ్చయింది. అందులో నా ప్రస్తావన ఉంది. పేరు లేదు గానీ అది నేనే.

నెలన్నరగా ఇదే చెప్పుకుని తిరుగుతున్నాను. మంగలి షాపులో చెప్పినప్పుడు "జర సాయం చేసిన" అన్నాను. పింఛను ఆఫీసు వరుసలో "సలహా ఇచ్చిన" అన్నాను. కూరగాయల మార్కెట్టు చేరేసరికి "నేనే పట్టిన" అయింది. మాట నోట్లోంచి బయటపడ్డాక ఒళ్లు చేస్తుంది. నా మాటలైతే ఇంకా తొందరగా చేస్తాయి.

కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కొంచెం దించుతాను. కనిపెట్టింది నేను కాదు, ఒక ఆడమనిషి. పేరు రాయను. "పేర్లెందుకన్నా, పని చెప్పు" అనేది ఎవరి గురించి మాట్లాడినా. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన లెక్చరరు. నేను మేడం అనేవాణ్ణి, ఆమె నన్ను అన్నా అనేది. రెండు నెలల కింద పోయింది.

నేను గోదావరి ఒడ్డున బొగ్గు గనుల ఊళ్లో, ఒక ఆస్పత్రిలో ముప్పై మూడేళ్లు ఎక్స్‌రే టెక్నీషియన్‌గా చేశాను. రిటైరయ్యాక చేతులు ఊరుకోక కరీంనగర్‌లో ఈ సెంటర్లో పొద్దున పూట కూచుంటున్నాను. ఆమె మొదటిసారి వచ్చింది మణికట్టు పట్టుకుని. బాత్రూములో జారిందట. వెంట చెల్లెలు భూలక్ష్మి ఉంది. ఇద్దరూ సిరిసిల్ల నేతింటి పిల్లలే. అక్క చదువుకు పోతే చెల్లె ఇంట్లో సాంచాలకు కండెలు చుట్టింది. అంటే మరమగ్గాలకు నూలు చుట్టి ఇచ్చే పని. అక్క పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. చెల్లెకు మొగుడు తొందరగా పోయాడు. అప్పట్నుంచి ఒకే ఇంట్లో, ఒకే స్టవ్వు మీద ఇద్దరూ.

ఎక్స్‌రే తీసి తెర మీద చూసి నేను ఎప్పుడూ అనే మాటే అన్నాను.

"ఏం లేదమ్మా. విరగలే. బేఫికర్‌గ పో."

ఆమె కదలలేదు. "విరగలేదా, విరిగినట్టు కనబడలేదా?"

"రెండొకటే గదమ్మా."

"రెండొకటే అయితే రెండు మాటలెందుకున్నయన్నా?"

వెనక వరుసలో కాలికి కట్టుతో కూచున్నాయన దగ్గాడు. భూలక్ష్మి అక్క భుజం మీద చెయ్యి వేసి, "ఇడిసిపెట్టక్కా, ఆయనకు కాలేజీల సీటొద్దు" అంది.

పది రోజులకు మళ్లీ వచ్చింది. డాక్టరు రాసిన చీటీ కూడా లేదు. చెయ్యి బల్ల మీద పెట్టి, "మల్ల తియ్యన్నా" అంది. తీశాను. బొటనవేలి కింద, మణికట్టులో, జీడిపప్పంత ఎముక ఉంటుంది. దాని నడుమ వెంట్రుకలాంటి గీత. ఆ ఎముక అంతే. విరిగిన రోజున చెప్పదు, పది రోజులు పోయాక చెబుతుంది. మా పనిలో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. నాకూ తెలుసు. ఆ రోజు వెనక వరుస పొడుగ్గా ఉంది, అంతే.

ఆమె గెలిచినట్టు మొహం పెట్టలేదు. తెర మీద ఆ గీత మీద పెన్సిలు మొన ఆనించి, "పది రోజుల కింద గూడ గిది గీడనే ఉండెనన్నా. మన కండ్లకు అందలే" అంది. మన కండ్లకు అంది, నీ కండ్లకు అనలేదు. అందుకే ఆ పూట ఆమెకు నేను చాయ్ తెప్పించాను. సాసరులో పోసుకుని, ఊదకుండా, చల్లారేదాకా చూస్తూ కూచుని తాగింది.

లేదు అన్న మాట మీద ఆమెకు పగ. కూరగాయల బండి దగ్గర "బెండకాయ లేదమ్మా" అంటే, "లేదా, గోనె కింద ఉన్నదా?" అని గోనె ఎత్తి చూసేది. కండక్టరు "సీట్లు లేవు" అంటే చివరిదాకా నడిచి చూసి వచ్చేది. కాలేజీలో హాజరు పిలిచేటప్పుడు ఎవరూ పలక్కపోతే ఊరికే గీత పెట్టేది కాదట. లేచి వెనక బెంచీదాకా పోయి, లావుపాటి పోరగాళ్ల వెనక తొంగిచూసి వచ్చాకే పెట్టేది. పిల్లలు ఆమెకు పెట్టిన పేరు "లేదా-కనబడలేదా మేడం". ఆ పేరు ఆమెకు తెలుసు. తెలిసీ సంతోషపడిందని భూలక్ష్మి చెప్పింది.

చేతికి ఏది దొరికినా వెలుతురుకు ఎత్తి పట్టేది. బస్సు టికెట్టు, మందుల చీటీ, పెళ్లిళ్లలో పెట్టే జాకెట్టు ముక్క. సాంచాల ఇంట్లో పుట్టిన అలవాటు. బట్టను కిటికీకి ఎదురుగా పట్టి నేత పలచనా చిక్కనా చూసేవాడట వాళ్ల బాపు. ఆమె కూడా ప్రతిదాన్నీ అలాగే చూసేది, వెనక వెలుతురు ఉందో లేదో కాదు, ఎంత ఆగింది ఎంత దిగింది అని.

గెలాక్సీ సంగతి నాకు మొదట చెప్పింది పెద్దపల్లి రోడ్డు మీద. ముగ్గురం ఒక పెళ్లికి పోయి వస్తుంటే బస్సు టైరు పేలి ఇటుక బట్టీల దగ్గర ఆగింది. ఎండాకాలం. జనం చెట్టు నీడ వెతుక్కుంటుంటే ఆమె నన్ను నేరుగా బట్టీ ముందుకు తీసుకుపోయింది.

"నిలబడన్నా. మంట కనబడుతున్నదా?"

"ఎక్కడ? ఇటుకలే ఉన్నయి."

"మొఖం?"

"కాలుతున్నది మేడం, ఇగ పోదాం."

"ఆగు. లోపట ఏం కాలుతున్నదో ఈడ నిలబడి చెప్పు. కట్టెనా, బొగ్గా, ఊకనా?"

ముప్పై మూడేళ్లు బొగ్గు ఊళ్లో బతికినవాణ్ణి, వాసన చూసి చెప్పబోయాను. ఆమె నా ముక్కు ముందు చెయ్యి అడ్డం పెట్టింది. "వాసన లేదు. ఆకాశంల వాసన రాదు."

అప్పుడు చెప్పింది. కొన్ని గెలాక్సీలు ఇలాంటి బట్టీలు. చుట్టూ దుబ్బ, అంటే దుమ్ము. లోపలి వెలుగునంతా దుబ్బ మింగి, తాను వేడెక్కి, ఆ వేడినే పరారుణ కిరణాలుగా బయటికి కక్కుతుంది. అలాంటివాటిలో మరీ పెద్దవి మన పాలపుంతలాంటి గెలాక్సీలను వందలూ వేలూ పక్కపక్కన పెట్టినా సరిపోనంత వేడి కక్కుతాయి. లోపల ఏం కాలుతోంది? కొత్త నక్షత్రాలు గుంపుగా పుడుతుంటే ఆ వేడి రావచ్చు. లేదా నడుమ ఒక పెద్ద కృష్ణబిలం కూచుని చుట్టుపక్కల ఉన్నదంతా లాక్కుంటుంటే, అందులో పడే సరుకు పడేముందు మండి ఆ వేడి రావచ్చు. బయటి నుంచి చూస్తే రెండూ ఒకటే. తేడా పట్టేది ఎక్స్‌రే. కృష్ణబిలం ఉంటే ఎక్స్‌రేలు దండిగా రావాలి.

"మరి వస్తున్నయా?" అన్నాను, మొహం తుడుచుకుంటూ.

"గదే తకరారు. చిటికెడు గూడ వస్తలెవ్వు."

"అంటే లేనట్టే గదా."

ఆమె నావైపు చూసిన చూపుకు బట్టీ నయమనిపించింది. భూలక్ష్మి చెట్టు కింది నుంచి కేకేసింది. "అన్నా, ఆ మాట అనకు. బస్సు బాగైనంక గూడ ఆమె ఎక్కది."

ఆ మాట మీద ఆమెకు అంత పగ ఎందుకో చాలా రోజులకు తెలిసింది. వాళ్లింట్లో బియ్యం డబ్బా పక్కన అలమారలో నల్ల అట్ట పుస్తకం ఒకటి ఉండేది. ఆమె డాక్టరేటు కోసం రాసిన సిద్ధాంత గ్రంథం. అందులో ఒక వాక్యం కింద ఎర్ర పెన్సిలు గీత. పాతకాలపు ఉపగ్రహం ఒకటి పంపిన ఎక్స్‌రే లెక్కలు చూసి, వయసులో ఉన్నప్పుడు, తొందరలో, ఆమె తన చేత్తో రాసిన వాక్యం అది. ఫలానా గెలాక్సీలో కృష్ణబిలం లేదు. నక్షత్రాల పుట్టుకతోనే వేడి సరిపోతుంది. అంతే. కనబడలేదు అని రాయలేదు, లేదు అని రాసింది. కాలేజీలో ఉద్యోగం వచ్చింది. జమ్మికుంటలో కొన్నాళ్లు, ఆదిలాబాద్‌లో కొన్నేళ్లు, తర్వాత కరీంనగర్. ఆ వాక్యాన్ని మరిచిపోయింది. వాక్యం మాత్రం ఊరుకోలేదు.

"నా లేదును పట్టుకొని నలుగురు లేదన్నరన్నా. ఆ నలుగురిని పట్టుకొని ఇంకొందరు. నేను రాసింది గోడయింది. గిప్పుడు నేనే దాన్ని పొడవాలె."

దుబ్బ మరీ మందంగా ఉంటే ఎక్స్‌రేలు కూడా లోపలే ఆగిపోతాయని ఆమె తర్వాత చదువుకుంది. రాకపోవడానికి లేకపోవడం ఒక్కటే కారణం కాదు. ఆగడం కూడా కారణమే. రిటైరైన తెల్లారి నుంచి ఇక అదే పని. టెలిస్కోపులు పట్టిన పాత లెక్కలన్నీ కొన్నాళ్లయ్యాక ఎవరైనా తీసుకునేలా తెరిచిపెడతారట. వాటిని దించుకుని కూచునేది. ఇంట్లో కరెంటు పోతే ఇన్వర్టరు, ఇన్వర్టరు పోతే నోటుబుక్కు. బతికుండగా ఆ ఒక్క మాట తన చేత్తోనే కొట్టేయాలి. ఇంకే కోరికా ఆమె నోటి నుంచి నేను వినలేదు.

ఇప్పుడు నా గొప్ప దగ్గరికి వస్తాను.

ఒక పొద్దున సెంటరు తెరవగానే లాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. వెనక భూలక్ష్మి టిఫిన్ డబ్బాతో. నా పాత వ్యూబాక్సు, ఫిలింలు పెట్టి చూసే వెలుతురు పెట్టె, ఇప్పుడు పనిలేక గోడకు వేలాడుతుంది. దాని పక్కన లాప్‌టాప్ పెట్టి తెర మీద ఆ గెలాక్సీ ఎక్స్‌రే బొమ్మ ఒకటి తెరిచింది. నల్లటి చదరం. అక్కడక్కడ చుక్కలు. నడుమ ఒక చిన్న వృత్తం గీసి ఉంది. వృత్తంలో నలుపు.

"నీ కన్నుతోని చూసి చెప్పన్నా."

నేను కళ్లద్దాలు తుడుచుకున్నాను. దగ్గరికి జరిగాను, దూరం జరిగాను. చాలాసేపు చూశాను. చూసి ఏమన్నానంటే, "మేడం, లావు మనిషికి సన్న కిరణం పంపితే ఫిలిం మీద ఏం పడది. మందం ఎక్కువుంటే కేవీ పెంచాలె. గట్టి కిరణాలల్ల చూడు" అన్నాను. కేవీ అంటే మా యంత్రం మీద కిరణం బలం పెంచే మీట. ఆమె ఒక్క నిమిషం నన్నే చూసింది. సంచీలోంచి నోటుబుక్కు తీసి ఏదో రాసుకుంది. అక్కడితో ఆ పరిశోధన మలుపు తిరిగింది. గట్టి ఎక్స్‌రేలు పట్టే టెలిస్కోపుకు దరఖాస్తు పెట్టింది. దొరికింది. అదీ కథ.

మంగలి షాపులో ఈ కథకు మంచి పేరు వచ్చింది.

కానీ ఒప్పుకోవాలి. గట్టి ఎక్స్‌రేలు మందం దాటి వస్తాయని ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. నేను మీట తిప్పడం నేర్చుకునేసరికి ఆమె ఆ లెక్క బోర్డు మీద వేసి ఎందరు పిల్లలకు చెప్పిందో. దరఖాస్తు కూడా అప్పటికే సగం రాసి ఉంది. నేను చెప్పినందుకు ఆమె కనిపెట్టలేదు. కాకపోతే ఒక పెద్దమనిషి తన పనిలోంచి ఒక మాట తీసి ఇస్తే, తెలిసిన మాటే అయినా మన్నించి రాసుకుంది. ఆమె మర్యాద అది. రాసుకోవడం మాత్రం నిజం. కళ్లారా చూశాను. నేను ఒప్పుకోగలిగింది ఇంతవరకే.

ఆ రోజే ఆమెకు నా పాత సంగతి ఒకటి చెప్పాను. అది ఇంకెక్కడా చెప్పలేదు, పెంచనూ లేదు. గనుల ఊళ్లో ఉన్నప్పుడు ఒక కార్మికుడు దగ్గుతో వచ్చాడు. ఛాతీ ఫిలిం తీశాను. ఫిలిం చూసి చెప్పాల్సింది డాక్టరు, నేను కాదు. కానీ తడి ఫిలిం చేతిలో పట్టుకుని బయటికి రాగానే అడుగుతారు. అతనూ అడిగాడు. "సార్, ఏమన్న ఉన్నదా?" నేను ఒకసారి దీపానికి ఎత్తి చూసి, "ఏం లేదు పో" అన్నాను. అతను నవ్వుకుంటూ పోయాడు. డాక్టరు దగ్గర ఆగలేదు. ఏం లేదన్నాక ఎందుకు ఆగుతాడు? మళ్లీ వచ్చేసరికి ఏడాది దాటింది. గుండె నీడ వెనక, మొదటి ఫిలింలో నేను చూడనిచోట, ఒక గడ్డ ముద్దగా ఉంది. పాత ఫిలిం వెతికి చూశాను. అక్కడా ఉంది. చిన్నగా, కానీ ఉంది. అతని భార్య నన్నేమీ అనలేదు. వాళ్లకు తెలియదు.

ఇదంతా విని ఓదారుస్తుందనుకున్నాను. ఓదార్చలేదు. చాయ్ సాసరు పక్కన పెట్టి అంది.

"నీ మాటతోని మనిషి పోయిండు. నా మాటతోని ఎవ్వరు పోలే. ఐనా మాట ఒక్కటేనన్నా. నీది సరిచేసుకునే ఉపాయం లేదు. నాది ఉన్నది. నేను చెయ్యకుంటె తప్పు రెండుసార్లయితది."

ఆ తర్వాత నేను ఎవరికీ ఏం లేదు అని చెప్పి పంపలేదు. "నాకు కనబడలే, డాక్టర్‌ను అడుగు" అంటున్నాను. వరుస నెమ్మదిగా కదులుతుంది. సెంటరు ఓనరు సణుగుతాడు.

పాత లెక్కలతోనే రాసి పత్రికకు పంపిన వ్యాసం మొదటిసారి తిరిగి వచ్చింది. ఇలాంటివి అచ్చు వేసేముందు ఇంకో పండితుడికి పంపి అభిప్రాయం అడుగుతారట. ఆయన రాసిన ఉత్తరాన్ని ఆమె ప్రింటు తీసి, ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి చెల్లెకు చదివి వినిపించింది. నేనూ ఉన్నాను ఆ పూట. భూలక్ష్మి సర్వపిండి రొట్టె గిన్నె పొయ్యి మీద తిప్పుతోంది.

"ఈ గెలాక్సీలో కృష్ణబిలం అవసరం లేదని ఇదివరకే తేల్చేసిన్రు, దానికి ఫలానా పాత గ్రంథం సాక్ష్యం, కాబట్టి ఈ వ్యాసం నిలబడదు, అంటున్నడు."

భూలక్ష్మి గరిటె ఎత్తింది. "గా పాత పుస్తకం రాసినోని సాంచల పోగులన్ని తెగిపోను. ఎవడక్కా వాడు?"

"నేనే."

గిన్నెలోంచి మాడు వాసన వచ్చింది. తర్వాత ముగ్గురం నవ్వాం. ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్లు తుడుచుకుంది, ఉత్తరాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టింది. "రెండు మాటలు సరిగనే అడిగిండు. మల్ల పంపుదాం" అంది.

మల్ల పంపుదాం. ఆమె అలసిపోయిందనడానికి అదొక్కటే గుర్తు. ఉషారుగా ఉన్నప్పుడు ఏమీ అనకుండానే పంపేది. టెలిస్కోపు దరఖాస్తులో సంస్థ పేరు రాయాల్సిన చోట, రిటైరైంది కాబట్టి, స్వతంత్ర పరిశోధకురాలు అని నింపింది. "స్వతంత్రమంటే జీతం లేదనేనా అక్కా?" అంది భూలక్ష్మి. "లేదు కాదే, కనబడది" అంది ఆమె, తల ఎత్తకుండా.

టెలిస్కోపు సమయం మొదటి ఏడు దొరకలేదు, రెండో ఏడూ దొరకలేదు. ఆ మధ్యలోనే కిడ్నీలు పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఎడమ చేతికి సూదులు, కుడి చేత్తో లాప్‌టాప్. నాలుగు గంటలు కదలకుండా పడుకోమంటే, "కదలకుండ చేసే పనే నాది" అని నర్సుకు చెప్పింది. భూలక్ష్మికి వీలుకానప్పుడు నేను వెంట పోయేవాణ్ణి. డాక్టరు గుండె కూడా బలహీనంగా ఉందన్నాడు. ఎన్నాళ్లు అని ఆమె అడగలేదు. ఇంకో దరఖాస్తుకు గడువు ఎప్పుడో చూసుకుంది.

మూడో ఏడు, వేరే ఊళ్లో పనిచేసే ఒక పాత స్టూడెంటు జట్టుతో కలిసి పెడితే దొరికింది. లెక్కలు వచ్చిన రోజు డయాలసిస్ మంచం మీదే ఉంది. తెర మీద ఒక గీత. చాలాదూరం నేల మీద పాకి, ఒకచోట చిన్న గుట్టలా లేచి, మళ్లీ పడి, కొసన గట్టి కిరణాల వైపు పైకి మళ్లింది. ఆ గుట్ట మీద వేలు పెట్టింది.

"ఇది ఇనుమన్నా. లోపట మండుతున్నదాని కిరణం చుట్టూ ఉన్న దుబ్బకు తాకి, అందుల ఉన్న ఇనుమును తట్టి, మర్లి బయటికొచ్చింది. ఆదిలాబాద్ల చలికాలం పొద్దుగాల మంచు ఎరికేనా? బస్సు కనబడది. లైట్లు గూడ కనబడవు. మంచు మొత్తం తెల్లగయితది. అప్పుడు బస్సు లేదంటవా?"

"అనను."

"గంతే."

ఆ గుట్ట కింద ఉన్న ఎక్స్‌రే రేణువులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కొన్ని వందల కోట్ల ఏళ్లు నడిచి వచ్చినవి. ఆమె వాటిని ఒక్కొక్కదాన్నే పరీక్షించి, మూడింటిని తీసి పక్కన పెట్టింది, నమ్మకం చాలదని.

వ్యాసాన్ని పత్రిక ఒప్పుకుంది. ఒక్క పేచీ వచ్చింది. "నా గ్రంథంలో నేను రాసిన లేదు అన్న మాట తప్పు" అని ఆమె రాసిన వాక్యం మరీ కరుగ్గా ఉందట. ఆ రోజుల పరికరాలతో అంతకంటే చెప్పలేకపోయేవారు, కాస్త మెత్తగా రాయమన్నాడు పండితుడు. మర్యాదస్తుడే. స్టూడెంటు కూడా ఫోనులో బతిమాలాడు. ఆమె గొంతు అప్పటికే పీలగా ఉంది.

"మెత్తగ రాస్తే ఆ సందులకెల్లి మల్ల ఒకడు లేదంటడు బిడ్డా. తప్పంటే తప్పని ఉండాలె."

అలాగే అచ్చయింది. నెల తిరక్కుండా ఆమె పోయింది. పెద్ద వయసు కాదు. పోయేముందు నల్ల అట్ట పుస్తకం తెప్పించుకుని, ఎర్ర గీత పెట్టిన వాక్యంలో లేదు అన్న మాటను కొట్టేసి, పక్కన అచ్చయిన పత్రిక వివరం రాసి, భూలక్ష్మికి ఇచ్చిందట. "ఇగ అలమారల పెట్టు" అందట.

పదిహేను రోజుల తర్వాత భూలక్ష్మి ఆ పత్రిక ప్రింటు తెచ్చి ఇచ్చింది. చివర కృతజ్ఞతల్లో ఒక వాక్యం ఇంగ్లిషులో ఉంది. నా మనవరాలు చదివి చెప్పింది. "ఎక్స్‌రే చిత్రాన్ని మనుషులు ఎలా చదువుతారో నాకు గుర్తుచేసిన కరీంనగర్ ఎక్స్‌రే టెక్నీషియన్ అన్నకు." ఆ వాక్యం మీదే నేను ఇంత మేడ కట్టాను.

ఇదంతా రాశాక, అచ్చుకిచ్చే ముందు భూలక్ష్మికి వినిపించాలనిపించింది. నిన్న పొద్దున వాళ్లింటికి పోయి చదివాను. ఆమె చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ వింది. బట్టీ దగ్గర నవ్వింది. పొయ్యి దగ్గర గిన్నె మాడిన చోట మళ్లీ నవ్వింది. గని కార్మికుడి దగ్గర చేతులు ఆపింది. కేవీ దగ్గర కూడా ఆపింది. అంతా అయ్యాక లేచి అలమారలోంచి మేడం నోటుబుక్కు తెచ్చింది.

"మంచిగనే రాసినవన్నా. ఒక్కటి మాత్రం అబద్ధం."

"కేవీ సంగతి ఒప్పుకున్న గదనే. ఆమెకు ముందే ఎరుకని రాసిన."

"సగం ఒప్పుకున్నవ్. నేను టిఫిన్ డబ్బ పట్టుకొని నీ ఎన్కనే ఉన్న. బొమ్మ చూసి నువ్వు సాలసేపు చూడలే. ఒక్కసారి వంగినవ్. 'ఏం లేదు మేడం, గిది ఖాళీ' అన్నవ్."

నేను కళ్లద్దాలు తీశాను.

"అక్క గప్పుడడిగింది, లేదా, కనబడలేదా అని. నీ మొఖం తెల్లగయింది. గందుకే గా గనిలాయన సంగతి చెప్పినవ్, ఊకెనే కాదు. అంత చెప్పినంక అక్క అడిగింది, లావు మనిషొస్తె ఏం చేస్తవన్నా అని. కేవీ పెంచుత అన్నవ్. ముద్ద కలిపి నీ నోట్ల పెట్టింది అక్క. నువ్వు నమిలినవ్."

"మరి రాసుకున్నది? నేను కండ్లార చూసిన, భూలక్ష్మీ."

"రాసుకున్నది. గిదిగో, చదువు."

ఆమె వేలు పెట్టిన చోట, వంకర లేని నేత గీతల్లాంటి ఆ దస్తూరీలో మూడు వరుసలు. "అన్నకు చూపించిన. ముప్పై మూడేండ్లు ఫిలింలు చూసినాయన, చూడంగనే ఏం లేదన్నడు. ఆయనే అంటె అందరు అంటరు. పేపరు ఈడికెల్లి మొదలుపెట్టాలె."

నేను చాలాసేపు ఆ కాగితాన్ని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను. వెనక పేజీ రాత కొంచెం కనబడింది, అంతే.

"ఇది కొట్టేసి మల్ల రాస్త" అన్నాను.

"కొట్టేయకు. నువ్వు రాసింది రాసినట్టే ఉండనీ, కింద నేను చెప్పింది గూడ రాయి." భూలక్ష్మి నోటుబుక్కు నా చేతిలోంచి తీసుకుని మూసింది. "గా గెలాక్సీల ఏం లేదన్నోళ్లల్ల మొదటిది మా అక్క, ఆఖరోనివి నువ్వు. పేరు రాసుకోవాల్నంటె గా వరుసల రాసుకో."